పదిహేనో సీడుగా వెళ్లి టైటిల్ గెలవడం: లేలే ఫోరూడ్ కోచింగ్‌లో ఏముంది?

అమెరికా కాలేజీ టెన్నిస్‌లో మహిళల జట్లకు ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) జాతీయ టైటిల్ 1982లో మొదలైంది. 2025 వరకు లెక్కేస్తే స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ దాన్ని 20 సార్లు గెలిచింది. మొదటి పది ఫ్రాంక్ బ్రెనన్ కోచ్‌గా ఉన్న కాలంలో వచ్చాయి. బ్రెనన్ 2000లో తప్పుకున్నాక, అప్పటిదాకా ఆయన దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న లేలే ఫోరూడ్ హెడ్ కోచ్ అయ్యారు. తర్వాతి పది టైటిళ్లు ఆమె గెలిపించినవి: 2001, 2002, 2004, 2005, 2006, 2010, 2013, 2016, 2018, 2019.

ఈ జాబితా చూడగానే చాలామందికి ఒక అనుమానం వస్తుంది. స్టాన్‌ఫోర్డ్ అంటే ప్రపంచంలో పెద్ద పేరున్న యూనివర్సిటీ. కాలిఫోర్నియా ఎండ, ఏడాది పొడవునా బయట ఆడుకునే వీలు, మంచి స్టేడియం, పూర్తి స్కాలర్‌షిప్, చేతికొచ్చే డిగ్రీ విలువ. టెన్నిస్ బాగా ఆడే, చదువు కూడా బాగా వచ్చే అమెరికన్ అమ్మాయి ముందుగా తలుపు తట్టేది అక్కడే. అలాంటి చోట ఎవరు కోచ్‌గా ఉన్నా గెలుస్తారు కదా, ఇందులో కోచ్ గొప్ప ఏముంది?

ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. కాలేజీ కోచ్ పనిని అంచనా వేయడంలో అసలు చిక్కు ఇదే. సంస్థ బలం ఎంత, ఆటగాళ్ల ప్రతిభ ఎంత, కోచ్ వాటా ఎంత అన్నది విడదీసి చూడటం కష్టం. ఫోరూడ్ కెరీర్ విషయంలో మాత్రం అది కొంతవరకు సాధ్యమే. అందుకు కావలసిన ఆధారాలు ఆ జాబితాలోనే ఉన్నాయి. ముందు ఆ ఆట ఎలా నడుస్తుందో తెలియాలి.

ఏడు పాయింట్లు, ఆరు కోర్టులు

మనం టీవీలో చూసే టెన్నిస్‌లో ఒక క్రీడాకారిణి తన కోసం తాను ఆడుతుంది. కాలేజీ టెన్నిస్‌లో అదే అమ్మాయి జట్టులో ఒక భాగం. రెండు కాలేజీలు తలపడే పోటీని డ్యూయల్ మ్యాచ్ అంటారు. ఇందులో మొత్తం ఏడు పాయింట్లు ఉంటాయి. ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు ఒకేసారి మొదలవుతాయి. ఒక్కోటి ఒక్క సెట్టే. మూడింట్లో రెండు గెలిచిన జట్టుకు కలిపి ఒక్క పాయింటు వస్తుంది. ఆ తర్వాత ఆరు సింగిల్స్ మ్యాచ్‌లు, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. నాలుగు పాయింట్లు ఎవరు ముందు సాధిస్తే వాళ్లదే గెలుపు. నాలుగో పాయింటు పడగానే, టోర్నీ మ్యాచ్‌లలో మిగతా కోర్టుల్లో ఆట ఎక్కడికక్కడ ఆగిపోతుంది. సగంలో ఆగిన ఆ మ్యాచ్‌లు ఏ లెక్కలోకీ రావు.

ఆరుగురినీ బలాన్ని బట్టి వరుసలో నిలబెట్టాలి. మొదటి కోర్టులో అందరికంటే బలమైన అమ్మాయి, ఆరో కోర్టులో ఆ ఆరుగురిలో ఆరో స్థానంలో ఉన్న అమ్మాయి. గెలుపు లెక్క వేసుకుని బలహీనమైన అమ్మాయిని మొదటి కోర్టుకు బలిచ్చి, మిగతా కోర్టుల్లో బలమైనవాళ్లను దించడం నిబంధనలకు విరుద్ధం. అయితే మూడో నంబర్‌కూ నాలుగో నంబర్‌కూ తేడా ఎంత, గాయం నుంచి కోలుకున్న అమ్మాయిని ఎక్కడ ఆడించాలి, ఏ ఇద్దరిని డబుల్స్ జోడీగా పెట్టాలి అన్నవి కోచ్ తీసుకోవలసిన నిర్ణయాలు.

ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోవాలి. దేశంలోనే నంబర్ వన్ అమ్మాయి మీ జట్టులో ఉన్నా ఆమె తెచ్చేది ఒక్క సింగిల్స్ పాయింటు, డబుల్స్ పాయింటులో ఒక వాటా. అంతే. ఆరో కోర్టులో ఆడే, పేరు ఎవరికీ తెలియని అమ్మాయి గెలిస్తే వచ్చేదీ సరిగ్గా అదే ఒక్క పాయింటు. స్టార్ గెలుపుకు ఎక్కువ బరువు, ఆరో నంబర్ గెలుపుకు తక్కువ బరువు అన్నది లేదు.

ఇక కోచ్ చేతిలో ఉన్న సమయం ఎంత? సీజన్‌లో క్రీడాకారులతో వారానికి 20 గంటలకు మించి, రోజుకు నాలుగు గంటలకు మించి ప్రాక్టీస్ చేయించకూడదని ఎన్‌సీఏఏ నిబంధన. పైగా పద్దెనిమిదేళ్ల వయసులో కాలేజీకి వచ్చే అమ్మాయి ఫోర్‌హ్యాండ్, సర్వీస్ అప్పటికే స్థిరపడిపోయి ఉంటాయి. వాటిని మొదటి నుంచి మార్చడానికి వ్యవధి ఉండదు. కోచ్ మార్చగలిగేవి వేరే ఉన్నాయి. జూనియర్ స్థాయిలో ఎక్కువగా సింగిల్స్ మీదే దృష్టి పెట్టి వచ్చిన అమ్మాయికి డబుల్స్ నేర్పడం, ఫిట్‌నెస్, ఒత్తిడిలో ఏ షాట్ ఎంచుకోవాలో తేల్చుకునే తీరు, అన్నిటికీ మించి పక్క కోర్టులో జరిగేది పట్టించుకోకుండా తన మ్యాచ్ తాను ఆడటం.

ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు. ఆరు మ్యాచ్‌లు పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒక కోర్టులో అరుపు వినిపిస్తే మిగతా అయిదుగురికీ తెలుస్తుంది. స్కోరుబోర్డు అందరికీ కనిపిస్తుంది. స్కోరు 3-3 అయి ఒక్క కోర్టే మిగిలితే, అప్పటికే ఆట ముగించుకున్న రెండు జట్లూ, ప్రేక్షకులూ అంతా ఆ కోర్టు చుట్టూ చేరతారు. అప్పటివరకు పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయి రాకెట్ మీద పది మంది ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. ఆ టెన్షన్ ఆమె ఒక్కతే భరించాలి. కాలేజీ టెన్నిస్‌లో ఎంతోకాలంగా కోచ్ మ్యాచ్ మధ్యలో కోర్టులోకి వెళ్లి మాట్లాడవచ్చు. కానీ కోర్టులు ఆరు, కోచింగ్ సిబ్బంది ఇద్దరు ముగ్గురు. ఏ కోర్టు దగ్గర నిలబడాలి, ఎవరిని వాళ్ల మానాన వదిలేయాలి, ఎవరికి ఒక్క మాట చాలు అన్న నిర్ణయాలు నిమిషనిమిషానికి తీసుకోవాలి.

2015 ప్రాంతంలో ఇది ఇంకా బిగుసుకుంది. డబుల్స్ ఎనిమిది గేముల నుంచి ఆరు గేముల సెట్‌కు కుదించారు. 40-40 దగ్గర అడ్వాంటేజ్ తీసేసి, ఒక్క పాయింటుతోనే గేమ్ తేలిపోయేలా మార్చారు. ఆట పొడవు తగ్గితే బలమైన జట్టుకు పొరపాటు దిద్దుకునే అవకాశమూ తగ్గుతుంది. ఈ మార్పు వచ్చాక గెలవడం పెద్ద జట్లకే ఎక్కువ కష్టమైందని నా అభిప్రాయం.

2012లో ఓడి, 2013లో గెలిచిన లెక్క

2012 సీజన్ చూడండి. ఆ ఏడాది ఎన్‌సీఏఏ సింగిల్స్ ఫైనల్లో తలపడిన ఇద్దరూ స్టాన్‌ఫోర్డ్ అమ్మాయిలే: నికోల్ గిబ్స్, మల్లరీ బర్డెట్. గిబ్స్ గెలిచింది. డబుల్స్ టైటిల్‌నూ ఈ ఇద్దరే కలిసి గెలిచారు. అంటే కాలేజీ టెన్నిస్‌లో దేశంలోకెల్లా మేటి ఇద్దరూ, మేటి జోడీ, ఒకే జట్టులో ఉన్నారు. ఆ జట్టుకు టీమ్ టైటిల్ రాలేదు. ఫ్లోరిడా గెలిచింది.

ఆ వేసవిలో బర్డెట్ చదువు మధ్యలో ప్రొఫెషనల్ టెన్నిస్‌కు వెళ్లిపోయింది. వెళ్లిన కొద్ది నెలలకే యూఎస్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వచ్చింది. గిబ్స్ మరో ఏడాది ఉండిపోయింది. 2013 మే నెలలో ఎన్‌సీఏఏ టోర్నీ మొదలయ్యేసరికి స్టాన్‌ఫోర్డ్ సీడింగ్, అంటే టోర్నీకి ముందు జట్లకు ఇచ్చే ర్యాంకు, 12. మొత్తం 64 జట్లలో సీడింగ్ దొరికేది 16 జట్లకే. అంటే ముందు వరుసలో దాదాపు చివర ఉన్నారు. ఆ జట్టు ఫైనల్లో టెక్సస్ ఏ అండ్ ఎం మీద 4-3తో గెలిచింది. దేశంలోని ఇద్దరు మేటి క్రీడాకారిణులతో రానిది, ఒకరు వెళ్లిపోయాక వచ్చింది.

ఇది ఒక్కసారి జరిగి ఉంటే అదృష్టం అనుకోవచ్చు. 2016లో స్టాన్‌ఫోర్డ్ సీడింగ్ 15. టోర్నీ ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో. ఫైనల్లో ఎదుటి జట్టు ఓక్లహామా స్టేట్, అంటే దాదాపు సొంతగడ్డ మీద, సొంత ప్రేక్షకుల మధ్య ఆడుతున్న జట్టు. మళ్లీ 4-3. చివరి పాయింటు టేలర్ డేవిడ్‌సన్ తెచ్చింది. 2018లో మళ్లీ 15వ సీడు. ఫైనల్లో ఎదురైంది ఒకటో సీడు వాండర్‌బిల్ట్. మళ్లీ 4-3. ఈసారి చివరి మ్యాచ్ గెలిచింది మెలిస్సా లార్డ్.

మూడు ఫైనళ్లు, మూడూ 4-3, మూడింటిలోనూ కింది సీడు. వాటిలో 2016, 2018లలో సింగిల్స్ చాంపియన్ స్టాన్‌ఫోర్డ్ అమ్మాయి కాదు. 2016లో ఆ టైటిల్ వర్జీనియా యూనివర్సిటీకి ఆడిన డేనియల్ కాలిన్స్‌ది. తర్వాత 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడిన కాలిన్స్ ఈమే. 2014లో కూడా ఎన్‌సీఏఏ సింగిల్స్ ఆమెదే. అంత ఆట ఉన్న అమ్మాయి ఉన్నా వర్జీనియాకు జట్టు టైటిల్ రాలేదు. స్టార్ ఉండటం వేరు, నాలుగు పాయింట్లు కూడగట్టడం వేరు.

సీడింగ్ అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆడిన మ్యాచ్‌ల ఫలితాల మీద కట్టిన లెక్క. ఎవరికి గాయమైంది, ఎవరు కోలుకుంటున్నారు, కొత్తగా వచ్చిన అమ్మాయి నాలుగు నెలల్లో ఎంత ఎదిగింది అన్నవి అందులో కనిపించవు. అన్నీ సీజన్ మొదటి నెలల్లోనే గెలవాలని చూసే కోచ్ ఒకే ఆరుగురిని ఆడిస్తూ పోతాడు. మే నెలను దృష్టిలో పెట్టుకున్న కోచ్ ఫిబ్రవరిలో కొన్ని ఓటములను భరిస్తుంది, ఏడో నంబర్, ఎనిమిదో నంబర్ అమ్మాయిలకు కూడా కోర్టు మీద అవకాశమిస్తుంది. మూడుసార్లు కింది సీడు నుంచి పైకి రావడం వెనక నాకు కనిపించేది ఈ ఓపికే. 2004, 2005, 2006లలో ఆమె జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వరుసగా మూడు టైటిళ్లు గెలిచింది. రికార్డు పుస్తకంలో అవే ఎక్కువ మెరుస్తాయి. కోచ్ పనితనం తెలియాలంటే మాత్రం నేను 2013, 2016, 2018 వైపే చూస్తాను.

అదే క్యాంపస్, పక్క జట్టు

"స్టాన్‌ఫోర్డ్‌లో ఎవరున్నా గెలుస్తారు" అన్న వాదనకు ఇంకో జవాబు పక్క కోర్టులోనే ఉంది. స్టాన్‌ఫోర్డ్ పురుషుల జట్టుకు డిక్ గూల్డ్ 1966 నుంచి 2004 దాకా కోచ్. ఆయన హయాంలో 17 జాతీయ టైటిళ్లు వచ్చాయి. చివరిది 2000లో. ఆ తర్వాత 2025 వరకు పురుషుల జట్టుకు ఒక్క జాతీయ టైటిల్ కూడా రాలేదు. అదే యూనివర్సిటీ, అదే ఎండ, అదే స్టేడియం, అదే డిగ్రీ. ఆ కాలంలోనే మహిళల జట్టు పది టైటిళ్లు తెచ్చింది.

ఈ పోలికను అతిగా లాగకూడదు. రెండు జట్ల పరిస్థితులు ఒకటి కావు. చాలాకాలం పురుషుల టెన్నిస్ జట్టుకు నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఉండేవి. వాటిని ముక్కలుగా చేసి పంచేవారు. మహిళల జట్టుకు పూర్తి స్కాలర్‌షిప్‌లు ఎనిమిది ఉండేవి. కానీ ఎదుటి కాలేజీల మహిళల జట్లకూ అవే ఎనిమిది ఉండేవి. ఫ్లోరిడాకు, జార్జియాకు, యూసీఎల్‌ఏకు ఎండా స్టేడియమూ రెండూ ఉన్నాయి. ఎప్పుడో మొదలైన గెలుపు అలవాటు తనంతట తాను కొనసాగదు. ఎవరో ఒకరు ప్రతి ఏడాదీ కొత్తగా వచ్చే అమ్మాయిలకు దాన్ని మళ్లీ నేర్పాలి.

నేర్పడంలో ఫోరూడ్‌కు ఒక సౌలభ్యం ఉంది. ఆమె 1970లలో అదే స్టాన్‌ఫోర్డ్ జట్టుకు ఆడారు. తర్వాత ప్రొఫెషనల్ టూర్‌లో తిరిగారు. తిరిగి వచ్చి పదేళ్లకు పైగా బ్రెనన్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేశారు. బ్రెనన్ సంగతి చెప్పాలంటే ఆయన జట్టు 510 మ్యాచ్‌లు గెలిచి 50 మాత్రమే ఓడింది. ఆయన తండ్రి కూడా కోచే, బిల్లీ జీన్ కింగ్‌కు శిక్షణ ఇచ్చిన మనిషి. బ్రెనన్ కొడుకు ఫ్రాంకీ తర్వాత చాలా ఏళ్లు ఫోరూడ్ పక్కన కోచ్‌గా ఉన్నాడు. పెద్ద పేరున్న కోచ్ వెళ్లిపోగానే బయటి నుంచి కొత్త మనిషిని తెచ్చే అలవాటు కాలేజీల్లో ఉంది. స్టాన్‌ఫోర్డ్ లోపలి మనిషికి అప్పగించింది. బాధ్యత తీసుకున్న మొదటి రెండేళ్లూ రెండు టైటిళ్లు వచ్చాయి.

ఆటగాళ్లను రప్పించుకోవడంలో కూడా ఇలాంటి కొనసాగింపే పనిచేస్తుంది. జార్జియా రాష్ట్రానికి చెందిన బర్డెట్ అక్కచెల్లెళ్లు ముగ్గురు, ఎరిన్, లిండ్సీ, మల్లరీ, ఒకరి తర్వాత ఒకరు స్టాన్‌ఫోర్డ్‌కే ఆడారు. తమ రాష్ట్రంలోనే గట్టి జట్టున్న యూనివర్సిటీ ఉండగా, దేశానికి ఆ చివరకు ముగ్గురు కూతుళ్లను పంపారు. పెద్దమ్మాయి నాలుగేళ్లు అక్కడ ఎలా గడిపిందో కళ్లారా చూసిన తల్లిదండ్రులే రెండో అమ్మాయినీ మూడో అమ్మాయినీ అదే కోచ్‌కు అప్పగిస్తారు. ఏ ప్రచారమూ ఇంతకంటే గట్టిగా పనిచేయదు.

సొంతగడ్డ మీద ఓడిన ఫైనల్

గెలుపుల గురించి మాత్రమే చెబితే బొమ్మ పూర్తి కాదు. 1999 నుంచి స్టాన్‌ఫోర్డ్ మహిళల జట్టు సొంత కోర్టుల మీద వరుసగా 184 మ్యాచ్‌లు గెలిచింది. ఓటమి లేకుండా పన్నెండేళ్లు. నాలుగేళ్లకోసారి జట్టు మొత్తం మారిపోయే కాలేజీ ఆటలో ఇది ఊహకు అందని సంగతి. చివరి ఏళ్లలో ఆడిన అమ్మాయిలు, ఆ వరుస మొదలైనప్పుడు ప్రాథమిక బడిలో ఉన్నారు.

అది ఆగింది మామూలు లీగ్ మ్యాచ్‌లో కాదు. 2011లో జాతీయ టోర్నీకి స్టాన్‌ఫోర్డే ఆతిథ్యం ఇచ్చింది. ఫైనల్లో ఫ్లోరిడా. స్కోరు 3-3. మిగిలిన ఒక్క కోర్టులో మల్లరీ బర్డెట్, ఫ్లోరిడాకు చెందిన లారెన్ ఎంబ్రీ. మూడో సెట్‌లో బర్డెట్ 4-0తో ముందుంది. అక్కడినుంచి ఎంబ్రీ పుంజుకుని గెలిచింది. టైటిల్ పోయింది, 184 వరుస కూడా అదే రోజు తెగిపోయింది. అంతకు ముందు ఏడాది, 2010 ఫైనల్లో, ఇదే ఫ్లోరిడా మీద ఇదే 3-3 స్కోరు దగ్గర చివరి మ్యాచ్ గెలిచి టైటిల్ తెచ్చింది మొదటి సంవత్సరం విద్యార్థిని అయిన ఇదే బర్డెట్.

అలాంటి ఓటమి తర్వాత ఇరవై ఏళ్ల అమ్మాయి ఏమైపోతుందో చెప్పలేం. కొందరు ఆటకు దూరమవుతారు. బర్డెట్ మరుసటి ఏడాది ఎన్‌సీఏఏ సింగిల్స్ ఫైనల్ ఆడింది, డబుల్స్ గెలిచింది, ప్రొఫెషనల్ అయింది. ఇందులో పెద్ద వాటా ఆమెదే, అది ఎవరూ తీసుకోలేరు. కానీ సొంత ప్రేక్షకుల ముందు, అంత ఆధిక్యం చేజారి ఓడిన అమ్మాయి ఏడాది తిరిగేసరికి దేశంలో ఇద్దరు మేటి క్రీడాకారిణుల్లో ఒకరిగా నిలబడిందంటే, ఆమె చుట్టూ ఉన్న వాతావరణం ఆమెను ముద్దాయిలా చూడలేదని అర్థం. ఆ వాతావరణాన్ని కాపాడవలసింది కోచే. టైటిళ్ల జాబితాలో ఈ పని ఎక్కడా కనిపించదు.

మహిళల జట్లు, మగ కోచ్‌లు

ఫోరూడ్ కెరీర్‌లో చాలామంది దాటేసే విషయం ఇంకొకటి ఉంది. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదని దాని సారాంశం. దాంతో కాలేజీల్లో మహిళల క్రీడలకు డబ్బు, స్కాలర్‌షిప్‌లు, స్టేడియాలు వచ్చాయి. మొదట్లో ఏఐఏడబ్ల్యూ అనే మహిళల సంస్థ ఆ పోటీలు నడిపేది. స్టాన్‌ఫోర్డ్ మహిళలు మొదటి జాతీయ టైటిల్ గెలిచింది ఆ సంస్థ కిందనే, 1978లో. 1980ల మొదట్లో ఎన్‌సీఏఏ ఆ పోటీలను తన చేతిలోకి తీసుకుంది, ఏఐఏడబ్ల్యూ మూతపడింది.

ఆడే అమ్మాయిల సంఖ్య విపరీతంగా పెరిగింది. అదే సమయంలో వాళ్లకు కోచ్‌లుగా ఉన్న మహిళల వాటా తగ్గుతూ వచ్చింది. చట్టం వచ్చిన నాటికి మహిళల జట్లలో పదింట తొమ్మిదికి పైగా జట్లకు మహిళలే కోచ్‌లు. ఇప్పుడు సగం కూడా లేరు. కారణం సులువుగానే అర్థమవుతుంది. జీతం దాదాపు లేని రోజుల్లో ఆ పని మహిళలు చేశారు. జీతం, గౌరవం పెరిగాక మగవాళ్లూ పోటీకి వచ్చారు. నియామకాలు చేసే అథ్లెటిక్ డైరెక్టర్లలో (కాలేజీ క్రీడా విభాగాల అధిపతుల్లో) మగవాళ్లే ఎక్కువ. పురుషుల జట్లకు మహిళా కోచ్‌లను పెట్టుకోవడం మాత్రం అరుదు. దారి ఒకవైపే తెరుచుకుంది.

టెన్నిస్‌లో దీని ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే, 1982 నుంచి 2000 వరకు ఎన్‌సీఏఏ మహిళల టైటిల్ గెలిచిన జట్లన్నిటికీ కోచ్‌లు మగవాళ్లే. 2001లో ఫోరూడ్ గెలవడంతో ఆ వరుస తెగింది. ఆ తర్వాత 2025 వరకు ఈ టైటిల్ గెలిచిన మహిళా కోచ్ మరొక్కరే: యూసీఎల్‌ఏకు చెందిన స్టెల్లా సాంప్రాస్ వెబ్‌స్టర్, 2008లో, 2014లో. ఆమె పీట్ సాంప్రాస్ అక్క. అమ్మాయిలు ఆడే ఆటలో, నాలుగు దశాబ్దాలకు పైగా, జాతీయ టైటిల్ గెలిచిన మహిళా కోచ్‌లు ఇద్దరే. ఫోరూడ్ పది టైటిళ్లను మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి కూడా పక్కనే చెప్పాలి. ఒకరి ప్రతిభ ఎంత గొప్పదైనా అది ఆ దారి మూసుకుపోయి ఉందన్న నిజాన్ని కప్పేయకూడదు. బ్రెనన్ ఆమెను అంతకాలం పక్కన పెట్టుకుని పని నేర్పారు, యూనివర్సిటీ ఆమెను నమ్మింది. అలాంటి అవకాశం దొరకని అసిస్టెంట్లు ఎంతమంది ఉండి ఉంటారు!

చదువు, పాత నియమాలు, కొత్త నియమాలు

స్టాన్‌ఫోర్డ్ కోచ్‌కు ఒక అడ్డంకి కూడా ఉంది. ఆట బాగున్నంత మాత్రాన అడ్మిషన్ రాదు, చదువులోనూ నెగ్గాలి. కాబట్టి కోచ్ ఎంచుకోగలిగిన అమ్మాయిల సంఖ్య ఇతర కాలేజీల కంటే తక్కువ. ఆ పైన స్టాన్‌ఫోర్డ్‌లో సెమిస్టర్లకు బదులు చిన్న టర్ములుండే క్వార్టర్ పద్ధతి. చాలా యూనివర్సిటీల్లో మే మొదట్లోనే సెమిస్టర్ అయిపోతుంది, అక్కడి అమ్మాయిలు చదువు బరువు దించుకుని జాతీయ టోర్నీకి వస్తారు. స్టాన్‌ఫోర్డ్‌లో వసంతకాలపు క్లాసులు జూన్ దాకా నడుస్తాయి. మ్యాచ్ అయ్యాక హోటల్ గదిలో అసైన్‌మెంట్లు రాసుకుని మర్నాడు ఆడవలసిన పరిస్థితి. ఆ జట్టులో ఆడిన క్రిస్టీ ఆన్ నాలుగేళ్లూ చదివి 2014లో డిగ్రీ పూర్తి చేసుకుని, ఆ తర్వాతే పూర్తిస్థాయి ప్రొఫెషనల్ అయింది. 2019లో యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. కాలేజీకి వెళితే ఆట పోతుందన్న భయం ఎంతమందికో ఉంటుంది కాబట్టి ఆమె పేరు గుర్తుపెట్టుకోదగ్గది.

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. 2021 జులై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, ఫొటోల మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న పాత నియమం సడలింది. 2025లో ఒక పెద్ద కోర్టు కేసులో కుదిరిన ఒప్పందం తర్వాత స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయి, దాని స్థానంలో జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. మహిళల టెన్నిస్‌కు అది 10. పెద్ద కాలేజీల ఆదాయం ఎక్కువగా అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ నుంచి వస్తుంది కాబట్టి, ఆ డబ్బు క్రీడాకారులకు పంచడం మొదలయ్యాక టెన్నిస్ లాంటి ఆటల బడ్జెట్ల మీద ఒత్తిడి తప్పదు.

ఈ మార్పుల్లో క్రీడాకారులకు స్వేచ్ఛ పెరిగింది, అది న్యాయం. కానీ ఫోరూడ్ లాంటి కోచ్ పద్ధతికి ఇవి నేరుగా తగులుతాయి. మొదటి సంవత్సరం ఆరో కోర్టులో ఆడించి, మూడో సంవత్సరానికి రెండో కోర్టుకు తీసుకురావాలంటే ఆ అమ్మాయి మూడేళ్లు ఉండాలి. ఆరో కోర్టు నచ్చక మరుసటి వేసవిలోనే వేరే కాలేజీకి వెళ్లిపోతే కోచ్ వేసిన పునాది ఇంకొకరి ఇంటికి పోతుంది. అలాగే ఇతర కాలేజీల నుంచి తయారైన క్రీడాకారిణులను ఏటా తెచ్చుకుని గెలవడం కూడా ఇప్పుడు సాధ్యమే. అది తప్పు కాదు, కానీ వేరే పని. పది, పదిహేనేళ్ల తర్వాత కోచ్‌లను పోల్చేటప్పుడు ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయకూడదు.

హైదరాబాద్ నుంచి చూస్తే

మన దగ్గర టెన్నిస్ ఆడే అమ్మాయికి పదో తరగతి దాటగానే పెద్ద చిక్కు వస్తుంది. ఇంటర్‌లో ఎంపీసీ చదువుతూ రోజుకు నాలుగు గంటలు కోర్టు మీద ఉండటం కుదరదు. ఆట వదిలేయడమో, చదువు పక్కనపెట్టి సొంత ఖర్చుతో చిన్న టోర్నీలు తిరగడమో మిగులుతుంది. మూడో దారి అమెరికా కాలేజీ. హైదరాబాద్‌కు చెందిన సహజ యమలపల్లి టెక్సస్‌లోని శాం హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడి, తర్వాత ప్రొఫెషనల్ అయి, మహిళల సింగిల్స్‌లో భారత నంబర్ వన్ దాకా ఎదిగింది. అంతకుముందు పురుషుల్లో మన ఆంధ్రా కుర్రాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడి వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. శాం హ్యూస్టన్ స్టేట్ జాతీయ టైటిల్ పోటీలో ఉండే కాలేజీ కాదు. అయినా సహజ ఆటకు అది పనికొచ్చింది.

ఈ దారి గురించి ఆలోచించే తల్లిదండ్రులు కోచ్‌ను చూసేటప్పుడు సాధారణంగా అడిగేది, ఎన్ని టైటిళ్లు గెలిచారు, ఎంతమందిని ప్రొఫెషనల్స్‌గా పంపారు అని. వాటికంటే ముందు చూడవలసినవి ఉన్నాయి. మొదటి ఏడాది అయిదు, ఆరు కోర్టుల్లో ఆడిన అమ్మాయిలు మూడో ఏడాదికి ఎక్కడున్నారు? ఎంతమంది మధ్యలో వేరే కాలేజీకి మారారు? ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు? గాయమైన అమ్మాయి మళ్లీ లైనప్‌లోకి వచ్చిందా? స్కోరు 3-3 అయిన మ్యాచ్‌లు ఆ జట్టు ఎన్ని గెలిచింది? వీటిలో చాలావాటికి జవాబు ఫోన్ చేసి అడగకుండానే దొరుకుతుంది. చాలా కాలేజీలు తమ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో ప్రతి మ్యాచ్ ఫలితాన్నీ, ఒకటో కోర్టు నుంచి ఆరో కోర్టు దాకా, పేర్లతో సహా పెడతాయి. నాలుగేళ్ల పేజీలు వరుసగా తెరిచి ఒక్కో అమ్మాయి పేరు ఏ కోర్టు నుంచి ఏ కోర్టుకు కదిలిందో రాసుకుంటే, ఆ కోచ్ పని ఎలాంటిదో ఒక సాయంత్రంలో తెలిసిపోతుంది.